మొదటి ఉద్యోగి చేరే వారం: అమెరికాలో మన చిన్న వ్యాపారాల కాగితాల లెక్క

డాలస్ దగ్గర టిఫిన్ సెంటరైనా, ఎడిసన్‌లో కిరాణా కొట్టయినా, అట్లాంటాలో పదిమంది కన్సల్టెంట్లున్న ఐటీ కంపెనీ అయినా, మొదటి ఉద్యోగిని పెట్టుకున్న రోజు నుంచి నింపాల్సిన కాగితాలు దాదాపు ఒకటే. వాటిలో అతి ముఖ్యమైనవి రెండు: ఉద్యోగికి అమెరికాలో పని చేసే అనుమతి ఉందని పత్రాలు చూసి నింపే ఐ-9, జీతంలోంచి ఎంత పన్ను కోయాలో ఉద్యోగి చెప్పే డబ్ల్యూ-4. మామూలుగా ఈ రెండింటినీ ఏ ఆఫీసుకూ పంపనక్కర్లేదు. నింపించి, సంతకాలు తీసుకుని, మన బీరువాలోనే పెట్టుకోవాలి. అందుకే మనవాళ్ళు తేలిగ్గా తీసుకుంటారు. పంపని కాగితానికి గడువేముంటుందిలే అనుకుంటారు. తీరా చూస్తే గడువు బిగుతుగా ఉన్నది వాటికే, అదీ రోజుల లెక్కన.

మన దగ్గర చేరేవాళ్ళలో ఓపీటీ పిల్లలు (చదువయ్యాక విద్యార్థి వీసా మీదే కొంతకాలం పని చేసేవాళ్ళు), హెచ్-1బి వాళ్ళు (కంపెనీ పిటిషన్ పెట్టి తెచ్చుకునే వర్క్ వీసా), హెచ్-4 ఈఏడీ (హెచ్-1బి వాళ్ళ భార్యకో భర్తకో వచ్చే పని అనుమతి కార్డు) ఉన్నవాళ్ళు ఎక్కువ. కాబట్టి మామూలు గైడ్లు ఒక్క లైనుతో వదిలేసే సంగతులే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

మనిషి రాకముందు

ముందు ఈఐఎన్ ఉండాలి, అంటే కంపెనీకి ఐఆర్ఎస్ (ఫెడరల్ పన్నుల శాఖ) ఇచ్చే నంబరు. ఐఆర్ఎస్ సొంత వెబ్‌సైట్‌లో ఉచితంగా, కొన్ని నిమిషాల్లో వస్తుంది. వెతికితే డబ్బు తీసుకుని అదే ఫారం నింపిపెట్టే సైట్లు ముందు వరుసలో కనిపిస్తాయి, వాటి జోలికి పోకండి. దరఖాస్తులో "మొదటి జీతం ఎప్పుడు ఇస్తారు" అని అడుగుతుంది. అక్కడ తోచిన తేదీ వేసేస్తే ఆ క్వార్టర్ నుంచి 941 రిటర్న్ (మూడు నెలలకోసారి పంపే జీతాల పన్ను లెక్క) కోసం ఐఆర్ఎస్ ఎదురుచూస్తుంది. మనిషి చేరలేదు కాబట్టి మనం ఏమీ పంపం. కొన్నాళ్ళకు "మీ రిటర్న్ అందలేదు" అని ఉత్తరం వస్తుంది.

తర్వాత రాష్ట్రం. జీతం మీద రాష్ట్ర ఆదాయపన్ను టెక్సస్, ఫ్లోరిడా, టెనెసీ, వాషింగ్టన్ లాంటి చోట్ల లేదు. న్యూజెర్సీ, జార్జియా, నార్త్ కరొలైనా, కాలిఫోర్నియాల్లో ఉంది, జీతంలోంచి కోసిన ఆ పన్ను కట్టడానికి విత్‌హోల్డింగ్ ఖాతా తెరవాలి. నిరుద్యోగ భృతి పన్ను మాత్రం అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. టెక్సస్‌లో అయితే టెక్సస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ దగ్గర ఖాతా తెరవాలి. అక్కడ ఒక్కో ఉద్యోగికి ఏడాదికి మొదటి 9,000 డాలర్ల జీతం మీదే ఆ పన్ను.

ఇక్కడ ఐటీ కంపెనీలు పడే గొయ్యి ఒకటుంది. కంపెనీ టెక్సస్‌లో, కన్సల్టెంటు షార్లెట్‌లో ఇంటి నుంచి పని. జీతం టెక్సస్ నుంచి వెళ్తోంది కాబట్టి రాష్ట్ర పన్ను లేదనుకుంటారు. చూడాల్సింది మనిషి ఎక్కడ కూర్చుని పని చేస్తున్నాడన్నది. అతని కోసం నార్త్ కరొలైనాలో విత్‌హోల్డింగ్ ఖాతా, నిరుద్యోగ పన్ను ఖాతా రెండూ తెరవాలి. ప్రాజెక్టు మారి అతను మరో రాష్ట్రానికి వెళ్తే మళ్ళీ మొదలు. అందుకని ఇల్లు మారేముందు చెప్పాలన్న షరతు ఆఫర్ లెటర్‌లోనే రాసుకోవడం మంచిది. హెచ్-1బి అయితే ఇది పన్నుతో ఆగదు, పని చోటూ జీతమూ చూపిస్తూ కార్మిక శాఖకు ఇచ్చే ఎల్‌సీఏ, పిటిషన్ సవరణ దాకా పోతుంది.

ఐ-9: మూడు రోజుల కాగితం

1986 నాటి చట్టంతో వచ్చిన ఫారం ఇది. ఆ ఏడాది నవంబరు 6 తర్వాత చేరిన ప్రతి ఉద్యోగికీ ఉండాలి. పౌరుడైనా, గ్రీన్ కార్డయినా, మన తమ్ముడైనా సరే. కంపెనీని కార్పొరేషన్‌గా పెట్టుకుని అందులో మనమే జీతం తీసుకుంటుంటే మనకు కూడా ఉండాలి.

మొదటి భాగం ఉద్యోగి నింపాలి, పనిలో చేరిన మొదటి రోజు దాటకూడదు. ఆఫర్ ఒప్పుకున్నాక ముందే నింపినా తప్పులేదు. రెండో భాగం మనది. చేరిన రోజు తర్వాత మూడు పనిదినాల్లోపు అసలు పత్రాలు చూసి సంతకం చేయాలి. సోమవారం చేరితే గురువారం ఆఖరు. పని మూడు రోజులు కూడా ఉండదనుకుంటే, పండగ కేటరింగ్‌కి పిలిచిన మనిషి లాంటి వాళ్ళకు, మొదటి రోజే రెండు భాగాలూ అయిపోవాలి. హోటళ్ళలో "రెండ్రోజులు చేసి చూడు, నచ్చితే పెట్టుకుంటాం" అనడం మామూలే. ఆ రెండ్రోజులూ పనే, దానికి జీతం ఇవ్వాలి, ఐ-9 గడియారం అప్పుడే మొదలైంది.

ఏ పత్రాలు చూపాలో ఎంచుకునే హక్కు ఉద్యోగిది. ఫారంతో వచ్చే లిస్ట్ ఎ (గుర్తింపు, పని అనుమతి రెండూ చూపేవి) నుంచి ఒకటి, లేదా లిస్ట్ బి (గుర్తింపు) నుంచి ఒకటి, సి (పని అనుమతి) నుంచి ఒకటి కలిపి. "నీ ఈఏడీ కార్డు తీసుకురా", "గ్రీన్ కార్డు చూపించు" అని మనం పేరు పెట్టి అడగకూడదు. అది వివక్ష కింద లెక్క, న్యాయశాఖలో దానికి వేరే విభాగమే ఉంది. లిస్టు కాగితం చేతికిచ్చి "ఇందులో నీకు కుదిరినవి తీసుకురా" అనాలి. డ్రైవర్ లైసెన్సు, సోషల్ సెక్యూరిటీ కార్డు తెచ్చిన గ్రీన్ కార్డు మనిషిని "గ్రీన్ కార్డు ఏది" అని అడిగితే మనమే తప్పులో పడతాం.

అయితే ఆ సోషల్ సెక్యూరిటీ కార్డును తిప్పి తిప్పి చూడండి. విద్యార్థులకు, హెచ్-1బి వాళ్ళకు ఇచ్చే కార్డు మీద, డీహెచ్ఎస్ (హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ) అనుమతి ఉంటేనే పనికి చెల్లుతుందని అచ్చేసి ఉంటుంది. ఆ ముద్ర ఉన్న కార్డు లిస్ట్ సి కింద పనికిరాదు. మన దగ్గర ఐ-9లలో అతి మామూలుగా దొర్లే తప్పు ఇదే. లైసెన్సూ, ఈ కార్డూ రాసేసుకుని ఫారం పూర్తయిందనుకుంటారు. అలాంటి మనిషి లిస్టు మళ్ళీ చూసి, తనకు చెల్లే వేరే పత్రం తేవాలి.

మామూలుగా మనవాళ్ళు తెచ్చేవి ఇలా ఉంటాయి. ఓపీటీ అయితే ఈఏడీ కార్డు ఒక్కటే చాలు, అది లిస్ట్ ఎ. సీపీటీ (చదువుతూనే చేసే పని) అయితే పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు), మన కంపెనీ పేరు, తేదీలు రాసి ఉన్న ఐ-20 (కాలేజీ ఇచ్చే పత్రం). ఆ ఐ-20 మీద పక్క కంపెనీ పేరుంటే మన దగ్గర ఒక్క గంట కూడా పని చేయించకూడదు. హెచ్-1బి అయితే పాస్‌పోర్టు, ఐ-94. వేరే కంపెనీ నుంచి మన దగ్గరికి మారుతున్న హెచ్-1బి అయితే మన పిటిషన్ దాఖలయ్యాక చేర్చుకోవచ్చు, ఆమోదం దాకా ఆగనక్కర్లేదు. అప్పుడు పాస్‌పోర్టు, ఐ-94లతో పాటు పిటిషన్ రసీదు కాపీ పెట్టుకుని, అదనపు సమాచారం గడిలో "ఏసీ-21" అని, దాఖలు చేసిన తేదీ ఇంగ్లీషులో రాయాలి.

ఐ-94 తేదీ దగ్గర ఒక మాట. ఐ-797 (హెచ్-1బి ఆమోద పత్రం) మీద 2028 దాకా ఉన్నా, ఇండియా వెళ్ళొచ్చినప్పుడు పాస్‌పోర్టు గడువు దగ్గరపడి ఉంటే ఎయిర్‌పోర్టులో ఆ గడువు దాకానే ఐ-94 ఇస్తారు. చేరేవాళ్ళు చాలామంది అది గమనించరు. అందుకే సీబీపీ (సరిహద్దు తనిఖీ శాఖ) సైట్ నుంచి తాజా ఐ-94 తీయించి, దాని తేదీ రాసుకోండి. ఐ-797 చూసి రాస్తే ఏళ్ళ తేడా రావచ్చు.

తేదీలంటే ఇంకోటి. ఈ ఫారంలో నెల ముందు, రోజు తర్వాత. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు అలవాటుగా రోజు ముందు రాస్తారు. ఆగస్టు 5న పుట్టినవాడు మే 8న పుట్టినవాడైపోతాడు. 12 దాటిన రోజయితే పట్టుబడుతుంది, 12 లోపైతే ఎవరికీ కనబడదు, ఈ-వెరిఫైలో (ఐ-9 వివరాలను ప్రభుత్వ రికార్డులతో పోల్చే ఆన్‌లైన్ పద్ధతి) తేడా వచ్చేదాకా.

పేర్ల గొడవ

ఇది మనకే ప్రత్యేకం. ఇంటిపేరు పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఉందా, అసలు ఆ గడి ఖాళీగా ఉండి పేరంతా గివెన్ నేమ్‌లో ఉందా అన్నది మొదట చూడాలి. సర్‌నేమ్ లేనివాళ్ళకు వీసా మీద ముందుపేరు స్థానంలో, ఫస్ట్ నేమ్ తెలియదు అన్న అర్థంలో, "ఎఫ్ఎన్‌యూ" వచ్చి, ఉన్న పేరంతా ఇంటిపేరు స్థానంలోకి పోతుంది. సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఇంకోలా, లైసెన్సు మీద మరోలా ఉండొచ్చు. ఒకే పేరున్నవాళ్ళు ఐ-9లో ఆ పేరును లాస్ట్ నేమ్ గడిలో రాసి, ఫస్ట్ నేమ్ గడిలో "అన్‌నోన్" అని ఇంగ్లీషులో రాయాలని ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ సూచన. పేరోల్‌లో మాత్రం సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి. పిలిచే పేరు, పొట్టి పేరు పనికిరావు. లేకపోతే ఏడాది చివర డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్నుల వివరం) పంపినప్పుడు పేరూ నంబరూ కలవక, ఆ జీతం ఆ మనిషి ఖాతాలో పడదు. పేరూ నంబరూ కలుస్తున్నాయో లేదో యజమానులు ముందే చూసుకోవడానికి సోషల్ సెక్యూరిటీ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచిత సేవ ఉంది. అది చేర్చుకున్నాక వాడేది, చేర్చుకోవాలా వద్దా తేల్చుకోవడానికి కాదు.

కొత్తగా చేరిన అబ్బాయికి ఇంకా సోషల్ నంబరే రాలేదనుకోండి. పని అనుమతి ఉంటే చేర్చుకోవచ్చు. ఐ-9లో ఆ గడి ఖాళీగా ఉండొచ్చు, ఈ-వెరిఫై వాడే కంపెనీ అయితే నంబరు వచ్చాక కేసు తెరవాలి. నంబరు రాలేదని జీతం ఆపకూడదు.

ఈ-వెరిఫై ఎవరికి

ఐ-9 అందరికీ తప్పనిసరి, ఈ-వెరిఫై రాష్ట్రాన్ని బట్టి. ఆరిజోనా, అలబామాల్లో ఒక్క ఉద్యోగి ఉన్నా కావాలి. జార్జియాలో పదిమందికి మించితే. ఫ్లోరిడాలో 2023 జులై నుంచి 25 మంది, అంతకుపైన ఉంటే. టెక్సస్‌లో ప్రైవేటు కంపెనీలకు రాష్ట్రమంతటికీ వర్తించే నిర్బంధం లేదు. అయినా ఐటీ కంపెనీలన్నీ పెట్టుకునేది స్టెమ్ ఓపీటీ (సైన్సు, ఇంజినీరింగు లాంటి డిగ్రీలవాళ్ళకు ఓపీటీ పొడిగింపు) కోసం, ఈ-వెరిఫైలో లేని కంపెనీలో ఆ 24 నెలల పొడిగింపు చెల్లదు కాబట్టి. దానితో పాటు ఐ-983 శిక్షణ ప్రణాళిక రాయాలి, వారానికి కనీసం 20 గంటల పని ఉండాలి, మనిషి మానేసినా మనం తీసేసినా 5 పనిదినాల్లో కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్ఓకి చెప్పాలి. ఈ చివరిది చాలామంది యజమానులకు తెలియదు. తెలిసినవాళ్ళు కూడా "ఆ అబ్బాయే చెప్పుకుంటాడులే" అని వదిలేస్తారు. ఐ-983 మీద సంతకం పెట్టింది మనం, చెప్పాల్సిందీ మనమే.

స్టెమ్ ఓపీటీ పిల్లల్ని 1099 మీద, అంటే ఉద్యోగిగా కాక కాంట్రాక్టర్‌గా, పెడదామనే ఆలోచన కొందరికి వస్తుంది. నిజమైన యజమాని-ఉద్యోగి సంబంధం ఉండాలన్నది ఆ పొడిగింపు షరతు, కాబట్టి అది కుదరదు. మామూలు వాళ్ళ విషయంలో కూడా, పని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయాలో మనం చెబుతున్నంత కాలం అతను ఉద్యోగే, కాగితం మీద కాంట్రాక్టర్ అని రాసుకున్నంత మాత్రాన మారిపోడు.

ఈ-వెరిఫైలో ఉన్న కంపెనీలకు 2023 ఆగస్టు 1 నుంచి ఒక వెసులుబాటు వచ్చింది. పత్రాల కాపీలు ముందు తెప్పించుకుని, తర్వాత వీడియో కాల్‌లో మనిషినీ అసలు పత్రాలనూ చూసి సంతకం చేయొచ్చు. ఈ-వెరిఫై లేనివాళ్ళు వేరే ఊళ్ళో ఉన్న ఉద్యోగి దగ్గరికి తమ తరఫున ఒక ప్రతినిధిని పంపి, అతని చేత చూపించి సంతకం చేయించాలి. ఆ ప్రతినిధి చేసిన తప్పుకు బాధ్యులం మాత్రం మనమే. వాట్సాప్‌లో ఫోటో చూసి సంతకం పెట్టడం ఏ పద్ధతి కిందికీ రాదు.

గడువు తీరే కార్డులు

ఈఏడీ గడువు తీరేలోపు మళ్ళీ చూడాలి, ఫారంలోని సప్లిమెంట్ బి మీద రాయాలి. గ్రీన్ కార్డు, అమెరికన్ పాస్‌పోర్టు, డ్రైవర్ లైసెన్సుల గడువు తీరితే మళ్ళీ అడగకూడదు. అడిగితే అదీ వివక్షే.

ఓపీటీ నుంచి స్టెమ్‌కు వేళకు దరఖాస్తు చేసుంటే, పాత కార్డు గడువు తీరాక 180 రోజుల దాకా పని సాగించవచ్చు. పాత ఈఏడీతో పాటు డీఎస్ఓ సిఫార్సు ఉన్న ఐ-20 చూసుకుని రాసుకుంటే చాలు. హెచ్-1బి లాటరీలో వచ్చి, వేళకు స్టేటస్ మార్పు దాఖలైన వాళ్ళకు క్యాప్-గ్యాప్ (ఓపీటీ ముగిశాక హెచ్-1బి మొదలయ్యేదాకా పని అనుమతి సాగే వెసులుబాటు) గడువు 2025 జనవరిలో వచ్చిన నిబంధనతో తర్వాతి ఏప్రిల్ 1 దాకా పెరిగింది. పాత నిబంధనలో అది అక్టోబరు 1తో ఆగిపోయేది.

హెచ్-4 ఈఏడీ సంగతి దీనికి తలకిందులు. రెన్యువల్ పెట్టుకుంటే దొరికే ఆటోమేటిక్ పొడిగింపు, 2025 అక్టోబరు 30న గానీ తర్వాత గానీ పెట్టిన దరఖాస్తులకు లేదు. కార్డు మీద తేదీ దాటితే కొత్త కార్డు చేతికొచ్చేదాకా ఆ మనిషి పనికి రాకూడదు, ఇంటి నుంచి మెయిల్‌కి జవాబివ్వడం కూడా పనే. గడువుకు 180 రోజుల ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు కాబట్టి, మనం క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవాల్సింది కార్డు ముగిసే రోజును కాదు, దానికి ఆరు నెలల ముందు రోజును.

హోటలు కౌంటర్లో ఇంటావిడ కూర్చోవడం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆవిడది ఈఏడీ లేని హెచ్-4 అయితే, "జీతం ఇవ్వట్లేదు కదా, ఇంట్లో మనిషే కదా" అన్న వాదనను నమ్ముకోకండి. వ్యాపారంలో మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని అలా చేయిస్తే రేపు ఆవిడ గ్రీన్ కార్డుకే అడ్డం రావచ్చు.

తప్పు కనబడితే

వైట్‌నర్ వద్దు. మొదటి భాగంలో తప్పయితే ఉద్యోగి, రెండో భాగంలో తప్పయితే మనం, అడ్డగీత కొట్టి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం చేసి ఆ రోజు తేదీ వేయాలి. ఐ-9 అసలు నింపనే లేదని ఏడాది తర్వాత తెలిసినా ఆ రోజే నింపండి, ఆ రోజు తేదీతోనే. ఆలస్యం ఎందుకైందో ఒక కాగితం మీద రాసి జత చేయండి. పాత తేదీ వేయడమంటే ఆలస్యాన్ని మోసంగా మార్చుకోవడమే. కాగితంలో తప్పులకు జరిమానా 2025 లెక్కలో ఒక్కో ఫారానికి 288 నుంచి 2,861 డాలర్ల దాకా ఉంది. ఇరవైమంది ఉన్న హోటలుకు కనిష్ఠం లెక్క వేసినా 5,760 డాలర్లు.

డబ్ల్యూ-4, విద్యార్థులు

ఉద్యోగి డబ్ల్యూ-4 ఇవ్వకపోతే ఆగకండి. సింగిల్‌గా, వేరే సర్దుబాట్లేవీ లేనట్టు కోసేయండి, చట్టం చెప్పేది అదే. 2020 నుంచి ఈ ఫారంలో "అలవెన్సులు" లేవు. "సున్నా వేయనా, ఒకటి వేయనా" అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళు చూస్తున్నది పాత ఫారం.

భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తున్న ఇళ్ళలో జరిగే పొరపాటు ఒకటుంది. ఇద్దరూ తమ తమ కంపెనీల్లో "మ్యారీడ్ ఫైలింగ్ జాయింట్లీ" టిక్కు పెట్టి, ఇంట్లో రెండు జీతాలుంటే నింపాల్సిన రెండో మెట్టును వదిలేస్తారు. అప్పుడు రెండు పేరోల్‌లూ ఆ ఇంటికి తనదొక్కటే జీతం అన్నట్టు పూర్తి స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను పడని మొత్తం) ఇచ్చేస్తాయి. ఏప్రిల్‌లో వేల డాలర్లు కట్టాల్సి వస్తే "మా కంపెనీ సరిగా కోయలేదు" అంటారు. యజమానిగా మనం ఏ గడిలో ఏం వేయాలో చెప్పకూడదు. ఐఆర్ఎస్ ఎస్టిమేటర్ లింకు ఇచ్చి ఊరుకోవాలి.

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉండి పన్నుల లెక్కలో ఇంకా నాన్‌రెసిడెంట్ అయిన పిల్లల డబ్ల్యూ-4 వేరే రకం. పెళ్ళయినా సింగిల్ పెట్టాలి, 4(సి) కింద ఖాళీలో నాన్‌రెసిడెంట్ ఏలియన్ అని గానీ పొట్టిగా ఎన్ఆర్ఏ అని గానీ ఇంగ్లీషులో రాయాలి. ఇలా రాసినవాళ్ళ జీతానికి, కోత లెక్క కోసం పేరోల్ కొంత మొత్తం కలుపుతుంది, నాన్‌రెసిడెంట్లకు స్టాండర్డ్ డిడక్షన్ లేదు కాబట్టి. కానీ ఇండియా నుంచి వచ్చిన విద్యార్థులకు అమెరికాతో ఉన్న పన్ను ఒప్పందం 21వ అధికరణం కింద ఆ డిడక్షన్ దొరుకుతుంది. అందుకే ఆ అదనపు మొత్తం వాళ్ళకు కలపకూడదని ఐఆర్ఎస్ 15-టి పుస్తకంలోనే ఉంది. పేరోల్ సాఫ్ట్‌వేర్‌లో ఎన్ఆర్ఏ గడి టిక్కు పెట్టి వదిలేస్తే అది కలిపేస్తుంది, పిల్లవాడికి ప్రతి చెక్కులోనూ ఎక్కువ కోత పడుతుంది. ఇండియా విద్యార్థి అన్న సెట్టింగ్ విడిగా ఉందేమో అడగండి. అక్టోబరులో ఇండియా నుంచి నేరుగా హెచ్-1బి మీద మొదటిసారి దిగిన ఉద్యోగి కూడా ఆ ఏడాదికి సాధారణంగా నాన్‌రెసిడెంటే, కానీ విద్యార్థి కాడు కాబట్టి ఈ మినహాయింపు అతనికి రాదు.

ఇక అసలు డబ్బు విషయం. నాన్‌రెసిడెంట్ ఎఫ్-1 మనిషికి సోషల్ సెక్యూరిటీ 6.2 శాతం, మెడికేర్ 1.45 శాతం కోయకూడదు, మన వాటా కూడా కట్టనక్కర్లేదు. 80,000 జీతం మీద ఒక్కో వైపు 6,120 డాలర్లు. ఇది ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోవడమే ప్రమాదం. లెక్క క్యాలెండర్ సంవత్సరాల్లో, అయిదు. 2021 ఆగస్టులో దిగినా ఆ ఏడాది మొత్తం ఒకటి కిందే లెక్క. కాబట్టి 2021 నుంచి 2025తో అయిదూ అయిపోతాయి. 2026 అంతా ఇక్కడే ఉండేవాడైతే జనవరి 1 నుంచే కోత మొదలు. ఎంఎస్ రెండేళ్ళు, ఓపీటీ ఏడాది, స్టెమ్ రెండేళ్ళు కలిపి చూడండి, సరిగ్గా స్టెమ్ చివరి నెలల్లోనే ఈ గీత దాటుతుంది. కార్డు మీద స్టేటస్ మారలేదు కాబట్టి పేరోల్‌కి తెలియదు. ఈలోపు హెచ్-1బి మొదలైతే అయిదేళ్ళ లెక్కతో పనిలేదు, సాధారణంగా అక్టోబరు 1, ఆ రోజు నుంచే కోయాలి.

చేరిన రోజే ఒక చిన్న కాగితం మీద మూడు ప్రశ్నలడిగి దాచుకోండి: అమెరికాకు మొదటిసారి ఏ వీసాతో, ఏ నెలలో వచ్చావు, మధ్యలో ఏ స్టేటస్‌లు మారాయి, ఇప్పుడున్న దాని గడువు ఎప్పుడు. పని అనుమతి తేల్చడానికి కాదు, పన్ను కోతకు మాత్రమే. అందుకే ఐ-9 అయ్యాక, వేరే కాగితం మీద అడగాలి. ఎదురు తప్పు కూడా జరుగుతుంది, మినహాయింపు ఉన్నవాడికి కోసేస్తారు. అప్పుడు మనం 941-ఎక్స్‌తో సవరించి తిరిగి ఇవ్వాలి. మనం ఇవ్వకపోతే అతను 843, 8316 ఫారాలతో ఐఆర్ఎస్‌ని అడుక్కోవాలి, చాలా నెలలు పడుతుంది.

పంపాల్సినవి

కొత్త ఉద్యోగి వివరాలు రాష్ట్రానికి పంపాలి: అతని పేరు, చిరునామా, సోషల్ నంబరు, చేరిన తేదీ, మన పేరు, చిరునామా, ఈఐఎన్. ఫెడరల్ గడువు 20 రోజులు, జార్జియాలో 10, అలబామాలో 7. పిల్లల పోషణ బకాయిలు ఉన్నవాళ్ళను పట్టుకోవడానికి పెట్టిన పద్ధతి ఇది. రాష్ట్ర వెబ్‌సైట్‌లో అయిదు నిమిషాల పని, అయినా చిన్న కంపెనీలు ఎక్కువగా మర్చిపోయేది దీన్నే.

కోసిన పన్ను జమ చేయడానికి కొత్త యజమాని మామూలుగా నెలవారీ తరగతిలో ఉంటాడు. మార్చిలో ఇచ్చిన జీతాల పన్ను ఏప్రిల్ 15 లోపు కట్టాలి. పని చేసిన నెల కాదు, చెక్కు ఇచ్చిన నెల లెక్క. 941 రిటర్న్ ఏప్రిల్, జులై, అక్టోబరు, జనవరి నెలాఖరుకి. జమ అయిదు రోజుల్లోపు ఆలస్యమైతే 2 శాతం, 15 రోజుల్లోపు 5, దాటితే 10. ఫెడరల్ నిరుద్యోగ పన్ను మొదటి 7,000 మీద, రాష్ట్ర పన్ను వేళకు కడితే సాధారణంగా మనిషికి 42 డాలర్లే. ఇది ఉద్యోగి జీతంలోంచి కోయకూడదు, మన జేబులోంచి కట్టాలి.

వ్యాపారం నెమ్మదించినప్పుడు ముందు అద్దె, సరుకు బిల్లులు కట్టి, ఈ డబ్బు వచ్చే నెల చూద్దామనుకోవడం పెద్ద పొరపాటు. ఉద్యోగి జీతంలోంచి కోసింది మన సొమ్ము కాదు, మన దగ్గర ఉంచిన సొమ్ము. దాన్ని తెలిసీ వాడుకుంటే ఎల్ఎల్‌సీ అడ్డం నిలబడదు. చెక్కుల మీద సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్ళ సొంత ఆస్తి దాకా వస్తారు, పేరుకు భాగస్వామిగా పెట్టుకున్న బావమరిది దాకా కూడా రావచ్చు. పేరోల్ కంపెనీకి అప్పగించినా బాధ్యత మనదే. నెలకోసారి ఫెడరల్ పన్నులు కట్టే సైట్ అయిన ఈఎఫ్‌టీపీఎస్‌లోకి వెళ్ళి డబ్బు నిజంగా జమైందో లేదో మనమే చూసుకోవాలి.

వంటవాళ్ళకు నెలకింతని మాట్లాడుకునే హోటళ్ళు ఇంకోటి చూసుకోవాలి. మేనేజర్ అని పేరు పెట్టినంత మాత్రాన ఓవర్‌టైమ్ పోదు. ఆ మినహాయింపుకు వారానికి కనీసం 684 డాలర్ల జీతం, దానికి తగ్గ బాధ్యతలు రెండూ కావాలి. దోసెలు పోసే మనిషికి అది రాదు, 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లే. గంటల పుస్తకం లేకపోతే అతను చెప్పిన గంటలు తప్పని చూపడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

గోడకు అంటించాల్సిన ఫెడరల్ పోస్టర్లు కార్మిక శాఖ సైట్‌లో ఉచితం. వాటిని కొనకపోతే జరిమానా పడుతుందంటూ సర్కారు ఉత్తరంలా కనిపించే కాగితాలు కొత్త కంపెనీలకు వస్తుంటాయి, చెత్తబుట్టలో వేయండి.

దాచే లెక్క

ఐ-9లను ఉద్యోగుల ఫైళ్ళలో కలపకుండా విడిగా ఒకే చోట పెట్టండి. తనిఖీ నోటీసు వస్తే కనీసం మూడు పనిదినాలు ఇస్తారు, ఆ మూడు రోజులూ ఫైళ్ళు వెతకడానికే పోకూడదు. పత్రాల కాపీలు తీసుకోవడం మామూలుగా మన ఇష్టమే, కానీ ఒకరికి తీస్తే అందరికీ తీయాలి. ఈ-వెరిఫైలో ఉంటే పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు, ఈఏడీల కాపీలు తప్పనిసరి. డబ్ల్యూ-4, పేరోల్ పన్ను కాగితాలు నాలుగేళ్ళు.

ఐ-9ని మనిషి ఉన్నంత కాలం ఉంచాలి. మానేశాక రెండు తేదీలు లెక్కేయండి: చేరిన రోజు నుంచి మూడేళ్ళు, మానేసిన రోజు నుంచి ఒక ఏడాది. ఏది తర్వాత వస్తే అది. 2023 మార్చి 1న చేరి 2024 ఫిబ్రవరి 1న మానేస్తే 2026 మార్చి 1 దాకా. 2019లో చేరి 2025 జూన్ 30న మానేస్తే 2026 జూన్ 30 దాకా. ఆ తేదీని మనిషి మానేసిన రోజే ఫారం మూల పెన్సిల్‌తో రాసి పెట్టండి. అది దాటాక ముక్కలు చేసేయండి. ఉంచుకుంటే, తనిఖీలో వాటిలోని తప్పులు కూడా బయటపడతాయి.